రసీదు ప్రింట్ తీస్తే పేజీ ఎందుకు తెగిపోతుంది? ఇలా సరిచేసుకోండి

ఆన్‌లైన్‌లో దరఖాస్తు పూర్తయ్యాక రసీదు స్క్రీన్‌పై చక్కగా కనిపిస్తుంది. ప్రింట్ తీస్తే మాత్రం కుడివైపు అంకెలు తెగిపోతాయి. అక్కర్లేని మెనూలు, బటన్లు కాగితంపైకి వచ్చేస్తాయి. చాలామంది ప్రింటర్‌నే అనుమానిస్తారు. కానీ తరచూ లోపం ఆ వెబ్ పేజీ తయారీలో ఉంటుంది.

కారణం ఏంటి?
వెబ్ పేజీలో అక్షరాల సైజు, రంగులు, అమరికను నిర్ణయించేది సీఎస్ఎస్ కోడ్. స్క్రీన్‌కు ఒక రూపం, కాగితానికి మరో రూపం ఇచ్చే వీలు 1998లో వచ్చిన సీఎస్ఎస్2 నుంచే ఉంది. 'మీడియా ప్రింట్' కింద రాసిన నిబంధనలు ప్రింట్ తీసేటప్పుడే అమలవుతాయి. మెనూలను దాచడం, పట్టికలోని వరుస రెండు పేజీలకు చీలకుండా చూడటం వంటివి అందులో రాయొచ్చు. అవి లేకపోతే స్క్రీన్ కోసం చేసిన అమరికనే బ్రౌజర్ కాగితంపై సర్దుతుంది.

లోగో ఎందుకు రాదు?
బ్రౌజర్లు సాధారణంగా బ్యాక్‌గ్రౌండ్ రంగులు, చిత్రాలను ప్రింట్ చేయవు. దీనివల్ల ఇంకు ఆదా అవుతుంది. లోగోను బ్యాక్‌గ్రౌండ్ చిత్రంగా పెట్టి ఉంటే అదీ కనిపించదు.

మీరు ఏం చేయాలి?
* సైట్‌లో పీడీఎఫ్ డౌన్‌లోడ్ బటన్ ఉంటే ముందు అదే వాడండి.
* లేకపోతే కంప్యూటర్‌లో కంట్రోల్, పీ కలిపి నొక్కి ప్రివ్యూ చూడండి. పేపర్ సైజ్ 'లెటర్' అని ఉంటే 'ఏ4'కు (210×297 మి.మీ.) మార్చండి.
* అంచులు తెగుతుంటే స్కేల్ తగ్గించండి. వెడల్పాటి పట్టికలకు ల్యాండ్‌స్కేప్ ఎంచుకోండి.
* లోగో, రంగులు కావాలంటే 'బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్' టిక్ చేయండి.
* ఆండ్రాయిడ్ ఫోన్‌లోని క్రోమ్‌లో మూడు చుక్కల మెనూలో షేర్, ఆపై ప్రింట్ ఎంచుకుంటే పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోవచ్చు.
* నెట్ సెంటర్‌లో సేవ్ చేస్తే, పని పూర్తయ్యాక ఆ ఫైల్‌ను తప్పక తొలగించండి.

పేజీ మూసే ముందు...
దరఖాస్తు నంబరు, పేరు, తేదీ, చెల్లించిన మొత్తం కాగితంపై పూర్తిగా ఉన్నాయో లేదో చూసుకోండి. క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి. స్కేల్ మరీ తగ్గిస్తే అది పనిచేయకపోవచ్చు. ఎంత ప్రయత్నించినా పేజీ తెగుతుంటే దాన్ని సరిచేయాల్సింది సైట్ నిర్వాహకులే. పేజీ పేరు, వాడిన బ్రౌజర్ వివరాలతో హెల్ప్‌డెస్క్‌కు ఫిర్యాదు చేయండి.