ఒక్క ఆటైనా ఆడని పచ్చ జెర్సీ

1986 ఫిబ్రవరి 20 రాత్రి. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వారి కొత్త బాస్కెట్‌బాల్ ప్రాంగణంలో, వాళ్ల జనం ముందే మేరీలాండ్ జట్టు ఆడుతోంది. ఆట చివరికొచ్చింది, మేరీలాండ్ వెనకబడి ఉంది. లెన్ బయాస్ దూరం నుంచి బంతి వేశాడు, పడింది. అవతలివాళ్లు దాన్ని మళ్లీ ఆటలోకి విసరబోతుంటే మధ్యలోనే లాక్కుని, బుట్టకు వీపు తిప్పి ఎగిరి, తల మీదుగా వెనక్కి దిగగొట్టాడు. ఆ రాత్రి 35 పాయింట్లు అతనివే. అదనపు సమయంలో మేరీలాండ్ గెలిచింది. ఆ ప్రాంగణంలో నార్త్ కరోలినాకు అదే మొదటి ఓటమి.

ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి. వాషింగ్టన్ నగరం పక్కనే ల్యాండోవర్‌లో పెరిగాడు. ఇంటికి కొద్ది దూరంలోనే ఉన్న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చేరి, తమ లీగ్‌లో ఉత్తమ ఆటగాడిగా వరసగా రెండేళ్లు, 1985లోనూ 1986లోనూ నిలిచాడు. మైకేల్ జోర్డాన్‌కు సరిజోడు ఇతనేనని అప్పట్లో ఆటను చూసినవాళ్లు ఇప్పటికీ అంటారు.

జూన్ 17న న్యూయార్క్‌లో వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నాయి. రెండో పేరు లెన్ బయాస్. ఎంచుకున్నది బాస్టన్ సెల్టిక్స్, అప్పటికి తొమ్మిది రోజుల కిందటే దేశ విజేతగా నిలిచిన జట్టు. ఆ జట్టు పచ్చటోపీ పెట్టుకుని నవ్వుతున్న ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. మర్నాడు తండ్రితో కలిసి బాస్టన్ వెళ్లి, జట్టువాళ్లను కలిసి, బూట్ల కంపెనీ వాళ్లతో మాట్లాడి, రాత్రికి తిరిగొచ్చాడు. తండ్రి ఇంటికి వెళ్లారు. కొడుకు క్యాంపస్‌కు వెళ్లాడు.

ఆ రాత్రి గురించి తలుచుకుంటే గుండె పిండేసేది, అది మామూలు రాత్రి కావడమే. వాషింగ్టన్ హాల్ అనే హాస్టల్లో జట్టువాళ్లు పీతలు తింటూ కబుర్లు చెప్పుకున్నారు. మధ్యలో అతను కారేసుకుని బయటికెళ్లి వచ్చాడు. తెల్లవారుజామున నలుగురు స్నేహితులు ఒక గదిలో చేరారు. కొకైన్ పొడి ముందుకొచ్చింది. ఎవరూ ఎవరికీ శత్రువులు కారు, బలవంతపెట్టిన ముఠా ఏదీ లేదు. కలిసి తిన్న కుర్రాళ్లు, తమవాడికి అదృష్టం పండిందని సంబరం చేసుకుంటున్నారు.

ఆరున్నర ప్రాంతంలో అతనికి ఫిట్స్ వచ్చాయి. స్నేహితుడొకడు అత్యవసర నంబరు 911కి ఫోన్ చేశాడు. ఆ సంభాషణ రికార్డు తర్వాత బయటికొచ్చింది. ఇతను లెన్ బయాస్, ఇతను చనిపోవడానికి వీల్లేదు, త్వరగా రండి అని ఆ కుర్రాడు ప్రాధేయపడుతుంటాడు. పేరు చెబితే మృత్యువు వెనక్కి తగ్గుతుందన్న నమ్మకం ఆ గొంతులో ఉంది. డాక్టర్లు దాదాపు రెండు గంటలు ప్రయత్నించారు. జూన్ 19 ఉదయం తొమ్మిది కాకముందే లెన్ బయాస్ చనిపోయాడు. ఇరవై రెండేళ్లు.

కొకైన్ గుండెకు రక్తం తెచ్చే నాళాలను బిగించేస్తుంది. కొట్టుకోమని గుండెకు అందే విద్యుత్ సంకేతాలనూ చెదరగొడుతుంది. లయ తప్పిన గుండె కండ ఎంత దిట్టమైనదైనా రక్తాన్ని పంపలేదు. అది అతనికి మొదటిసారా, అంతకుముందూ అలవాటుందా అని జనం ఏళ్ల తరబడి వాదించుకున్నారు. గుండెకు ఆ లెక్కతో పనిలేదు. ఎనిమిది రోజులకే క్లీవ్‌లాండ్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డాన్ రోజర్స్ కొకైన్‌తోనే కన్నుమూశాడు. తెల్లారితే అతని పెళ్లి.

ఆ తరువాత కూలినవి చాలా ఉన్నాయి. ఏళ్ల తరబడి జట్టును నడిపిన కోచ్ లెఫ్టీ డ్రిసెల్ అదే ఏడు అక్టోబరులో తప్పుకున్నారు. ఇంత పేరున్న ఆటగాడు డిగ్రీకి కావలసిన చదువు పూర్తి చేయలేదన్న సంగతీ బయటపడింది. అతని ఆట అందరికీ కావలసి వచ్చింది, అతని చదువూ రాత్రులూ ఎవరికీ పట్టలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

శోకం అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. ప్రతినిధుల సభ స్పీకర్ టిప్ ఓనీల్‌ది బాస్టన్ ప్రాంతమే. ఆయన తొందరపెట్టగా మత్తుమందుల బిల్లు ఆఘమేఘాల మీద కదిలింది, అక్టోబరు 27న అధ్యక్షుడు రీగన్ సంతకం పెట్టారు. 500 గ్రాముల పొడి కొకైన్ అమ్మితే పడే కనీస శిక్ష అయిదేళ్లయితే, క్రాక్ అనే గడ్డ రూపానికి 5 గ్రాములకే అదే శిక్ష. లెన్ వాడింది పొడి. జైళ్లకు వెళ్లింది క్రాక్ అమ్మిన పేద నల్లజాతి కుర్రాళ్లు, అతని వీధుల్లాంటి వీధుల్లో పెరిగినవాళ్లు. అదే చట్టంలో బడుల్లో అవగాహన కోసం నిధులూ ఉన్నాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ ఆ చట్టం పేరెత్తితే జనానికి గుర్తొచ్చేది జైలే. ఆ నూరింతల తేడాను 2010లో పద్దెనిమిదింతలకు తగ్గించారు. అప్పటికి ఒక తరం లోపలే గడిచిపోయింది.

వాళ్లమ్మ లోనీస్ బయాస్ దారి వేరు. కొడుకు పోయిన కొద్దికాలానికే ఆమె విద్యార్థుల ముందు నిలబడి మాట్లాడడం మొదలుపెట్టారు. 1990 డిసెంబరు 4న రెండో కొడుకు జే, ఇరవై ఏళ్లవాడు, ఒక షాపింగ్ మాల్‌లో మొదలైన చిన్న తగవులో తుపాకీ గుళ్లకు బలయ్యాడు. లెన్‌ను తీసుకెళ్లిన ఆసుపత్రికే అతన్నీ తీసుకెళ్లారు. అన్న పక్కనే పూడ్చారు. మామూలు తల్లి అయితే తలుపులేసుకునేది. ఆమె మళ్లీ బడులకూ కాలేజీలకూ వెళ్లారు. హైస్కూలు పిల్లలకు, హాస్టళ్లలో తొలిసారి ఇంటికి దూరంగా ఉంటున్న పిల్లలకు, ఎదురుగా నిలబడి తన ఇద్దరు కొడుకుల సంగతీ చెప్పారు. పోలీసు లెక్కలు చెప్పి భయపెట్టే ప్రసంగాలు ఎన్ని విన్నా, ఒక తల్లి మాట చేరినంత లోతుకు అవి చేరవని నా నమ్మకం.

ఇప్పుడు మన తెలుగు పిల్లలు కూడా ఆ మేరీలాండ్ క్యాంపస్‌లో చదువుతున్నారు. ఇవాళ ఒక గదిలో ఎవరికైనా మత్తు మితిమీరి స్పృహ తప్పితే, పక్కవాడి మనసులో మెదిలే మొదటి ప్రశ్న, ఫోన్ చేస్తే నన్ను పట్టుకుంటారా అనే. సాయం కోసం ఫోన్ చేసినవాడి మీదా, ప్రాణాపాయంలో ఉన్నవాడి మీదా కొద్దిపాటి మత్తుమందు దగ్గరుంచుకున్నందుకు కేసు పెట్టకుండా మేరీలాండ్ రాష్ట్రం చట్టాన్ని విస్తరించింది 2015లో. శిక్షల చట్టానికి నాలుగు నెలలు పట్టింది. దీనికి ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది.