తెనాలి: పాసింజరు బండి పెంచిన ఊరు

తెనాలి చరిత్ర చెప్పమంటే మా ఊళ్లో ఎవరైనా పేర్లతోనే మొదలుపెడతారు. కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి, చలం, మునిసిపల్ ఛైర్మన్‌గా పనిచేసిన త్రిపురనేని రామస్వామి చౌదరి, ఆపైన రంగస్థల నటుల పెద్ద జాబితా, చివర్లో ఆంధ్రా ప్యారిస్ అన్న బిరుదు. బిరుదు సంగతి ఎలా ఉన్నా, ఆ పేర్లన్నీ మా ఊరితో ముడిపడ్డవే. అయితే పేర్లు ఎన్ని చెప్పినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. తెనాలికి విజయవాడ 31 కిలోమీటర్లు, గుంటూరు 25. రెండు పెద్ద ఊళ్లకు ఇంత దగ్గరున్న ఊరు కొన్నాళ్లకు ఏదో ఒకదానికి పేటలా మారిపోవడం మామూలు. తెనాలి అలా మారలేదు. సొంత బజారు, సొంత రంగస్థలం, సొంత రాజకీయం, సొంత పొగరు నిలుపుకుంది. అందుకు ప్రధాన కారణం మద్రాసు మెయిలు ఆగే స్టేషన్ ఉండటం కాదనీ, అరగంట, గంట దూరాలకు తిరిగే పాసింజరు బళ్లేననీ నా వాదన.

కృష్ణ మీద రైలు వంతెన 1893లో తెరుచుకుంది. 1899కల్లా బెజవాడ నుంచి మద్రాసుకు పట్టాలు కలిశాయి. ఆ దారిలో తెనాలికి దక్కింది ఒక స్టేషన్ మాత్రమే. అలాంటి స్టేషన్ నిడుబ్రోలుకీ బాపట్లకీ చీరాలకీ కూడా దక్కింది. తేడా తెచ్చింది 1916లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వేసిన గుంటూరు-రేపల్లె లైను. అది మెయిన్ లైనును తెనాలిలోనే కలిసి, మళ్లీ విడిపోయి, రేపల్లెకు పోయి ఆగిపోయింది. దేశ పటంలో చూస్తే ఇది లెక్కలోకి రాని కొమ్మ. మా ఊరికి మాత్రం అప్పటి నుంచి నాలుగు దిక్కులు తెరుచుకున్నాయి. అంగలకుదురు, సంగం జాగర్లమూడి, వేజెండ్ల మీదుగా గుంటూరు ఒకవైపు. కొలకలూరు, దుగ్గిరాల, చిలువూరు, పెదవడ్లపూడి మీదుగా విజయవాడ ఇంకొకవైపు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె, చుండూరు, నిడుబ్రోలు మీదుగా బాపట్ల మిగిలిన రెండూ. ఈ నాలుగు దారుల్లో పల్లె స్టేషన్ ఏదైనా సరే, అక్కడ ఎక్కినవాడు ఇంకో దారికి బండి మారాలంటే తెనాలిలో దిగాల్సిందే. బండి మారేచోట మనిషికి కాసేపు ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలోనే కాఫీ హోటలూ బట్టల కొట్టూ పుస్తకాల అంగడీ బతుకుతాయి.

ఊరిని పెంచింది కాలువలే, రైలు కాదనే వాదన గట్టిదే. 1855లో ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టా కాలువలు తెనాలి చుట్టూ వరి పండించాయి. మూడు కాలువలు ఊరి మధ్య నుంచే పోతున్నాయి. వాటి మీద పడవలూ నడిచాయి, ధాన్యమూ కదిలింది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందంటే కాలువ నుంచే అని ఒప్పుకోక తప్పదు. కానీ డబ్బు రావడం వేరు, అది ఏ ఊళ్లో ఖర్చవుతుందన్నది వేరు. కాలువ పడవ ధాన్యం బస్తాకు సరిపోయింది గానీ, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావాల్సిన గుమాస్తాకు సరిపోలేదు. పైగా వేసవిలో కాలువలు కట్టేస్తే పడవ సాగదు. కాలువలున్న ఊళ్లు డెల్టాలో ఎన్నో ఉన్నాయి, వాటిలో తెనాలి అంత కాగలిగినవి తక్కువ. కాలువ సంపద ఇచ్చింది, ఆ సంపద ఉన్నవాళ్లను రోజూ ఒకచోటికి చేర్చింది చిన్న బండి.

ఆ చేర్చడం రెండు రకాలుగా జరిగింది. మొదటిది ఉద్యోగం. జిల్లా కచేరీ, పెద్ద కోర్టులు, ఆంధ్ర క్రైస్తవ కళాశాల, 1946 నుంచి వైద్య కళాశాల, అన్నీ గుంటూరులోనే. రైల్వే పనులు, టోకు వ్యాపారం విజయవాడలో. సీజను టికెట్ తీసుకున్నవాడు అక్కడ పనిచేసి ఇక్కడ కాపురం ఉండగలిగాడు. జీతం గుంటూరులో అందినా, ఇంటద్దె, పాలు, పిల్లల చదువు, సాయంత్రం నాటకం టికెట్టు తెనాలిలోనే ఖర్చయ్యాయి. ఒక ఊరు పక్క నగరానికి పేట కాకుండా ఉండటమంటే ఇదే. రెండోది స్నేహితులతో తిరుగుడు. దీన్ని చరిత్రకారులు పట్టించుకోరు, పని కాదు గనక కాగితం మిగలదు. సూర్యలంక సముద్రానికి పోవాలంటే బాపట్ల బండి, చీర బేరానికి చీరాల బండి, కొత్త సినిమాకు బెజవాడ బండి. పౌరాణిక నాటకం రాత్రి మొదలైతే తెల్లవారుజాము దాకా సాగేది. పొరుగూరి రసికుడు దానికి వచ్చి మర్నాడు పనిలోకి దిగాలంటే తెల్లవారి బండి ఉండి తీరాలి. తెనాలి ప్రేక్షకుల్ని తెనాలి జనాభాతో కొలిస్తే ఆ నాటక సమాజాలు ఎలా బతికాయో అర్థం కాదు. చుట్టూ గంట ప్రయాణంలోని పల్లెలను కలిపితే అర్థమవుతుంది. మెయిలు బండి చేసింది ఇందుకు విరుద్ధం. కుటుంబరావునీ చక్రపాణినీ మద్రాసు లాక్కుంది. పెద్ద బండి మనుషుల్ని తీసుకుపోయింది, చిన్న బండి తీసుకొచ్చింది.

ఊరికి స్టేషన్ ఎంత నడిబొడ్డో 1942 ఆగస్టు 12 చెబుతుంది. క్విట్ ఇండియా పిలుపు తర్వాత జనం రైల్వే స్టేషన్‌ను తగలబెట్టారు, పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. వారి గుర్తుగానే రణరంగ చౌక్ వెలిసింది. అప్పట్లో రైలు అంటే ఆంగ్ల ప్రభుత్వం, అందుకే స్టేషన్ మీద పడ్డారని చెబుతారు, అది నిజమే. కానీ కచేరీలూ ప్రభుత్వమే కదా! ఇంకో సంగతి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తెనాలి అంటే ముందు కనిపించేది స్టేషనే. కోపం కూడా అందరికీ తెలిసిన చోటికే పోయింది.

పెట్టెలో అందరూ పక్కపక్కన కూర్చుంటారు గనక పాసింజరు కులాన్ని కరిగించిందని ఒక తీపి మాట వినిపిస్తుంటుంది. నేను అంత దూరం పోను. మెయిన్ లైను మీద తెనాలి దాటగానే వచ్చే చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రాణాలు దక్కించుకున్నవారిలో చాలామంది తలదాచుకోవడానికి వచ్చింది తెనాలికే. అదే లైను, అదే బళ్లు. పక్క సీటు ఎవరి మనసునూ మార్చలేదు. చిన్న బండి చేయగలిగింది ఇంకొకటి: పల్లెలో బతకలేనివాడికి కూలో చదువో దొరికే చోటు గంటలోపు ఉందన్న ధీమా ఇచ్చింది. అది తక్కువేమీ కాదు, కానీ దాన్ని సమానత్వం అనకూడదు.

ఇప్పుడు బస్సులూ ఆటోలూ మోటారు సైకిళ్లూ ఉన్నాయి, పాసింజరు కథ ముగిసిందనేవాళ్లకు ఈ మధ్యే ఒక పరీక్ష జరిగింది. 2020లో కరోనా వల్ల పాసింజరు బళ్లన్నీ నిలిచిపోయాయి. తిరిగి వచ్చినప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు పెట్టి, కనీస ఛార్జీ 10 రూపాయల నుంచి 30 చేశారు. 2024 ఫిబ్రవరిలో గానీ పాత ఛార్జీ రాలేదు. బండి అదే, పట్టాలు అవే, ఆగే స్టేషన్లూ దాదాపు అవే. మారింది ధర ఒక్కటే. రోడ్డే సరిపోయేట్టయితే ఆ ధర తగ్గించమని దేశమంతటా అంత గోల జరిగేది కాదు. బస్సు గమ్యానికి త్వరగా చేర్చవచ్చు. కానీ వేమూరు నుంచి నిమ్మకాయల బుట్టతో తెనాలి యార్డుకు వచ్చే మనిషికి బుట్ట పెట్టుకునే చోటు, 10 రూపాయల టికెట్టు రెండూ కావాలి. అవి రెండూ కలిసి దొరికేది ఇప్పటి కరెంటు పాసింజరు బండి అయిన మెములోనే.

2022లో జిల్లాలు చీల్చినప్పుడు వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయాయి, తెనాలి గుంటూరులో మిగిలింది. కాగితం మీద వేరైన ఊళ్లను రేపల్లె బండి ఇంకా ఒకే ఊరి చుట్టూ తిప్పుతోంది. రైల్వేలోనూ అలాంటి గీత ఒకటుంది: గుంటూరు డివిజన్ 2003లో వచ్చినప్పటి నుంచి గుంటూరు, రేపల్లె లైన్లు దాని కింద, మెయిన్ లైను మీది తెనాలి స్టేషన్ విజయవాడ కింద. అమరావతి మీదుగా 2024లో మంజూరైన ఎర్రుపాలెం-నంబూరు కొత్త లైను కూడా తెనాలిని తాకదు. అందుకని కొత్త రాజధాని ఉద్యోగాలు మొదలైనప్పుడు మావాళ్లు అక్కడ పనిచేసి ఇక్కడే కాపురం ఉండగలరా అన్నది ఈ చిన్న బళ్ల వేళల మీదే ఆధారపడుతుంది. ఇక్కడ వినతిపత్రం ఇచ్చినప్పుడల్లా ఏదో ఒక సూపర్‌ఫాస్ట్‌కు హాల్టు అడగడం అలవాటు. అసలు చిక్కు అది కాదు. గుంటూరు వైపు రెండో లైను పడింది, రేపల్లె వైపు ఇప్పటికీ ఒక్కటే లైను. క్రాసింగు కోసం బండి ఆగిపోతే తెనాలిలో అందుకోవాల్సిన విజయవాడ మెము వెళ్లిపోతుంది. అడగాల్సింది ఆ రెండు బళ్ల వేళలను జోడించమనీ, రాత్రి ఆఖరి రేపల్లె బండి విజయవాడ నుంచి వచ్చేవాళ్ల కోసం పది నిమిషాలు ఆగాలనీ.