గ్లూటెన్ లేకపోతే సరిపోదు, కార్బ్ కూడా తగ్గాలి: ఇంట్లో బాదం బ్రెడ్ ఇలా

ఇంట్లో ఒకరికి గోధుమ పడదు, ఇంకొకరికి షుగర్. ఇద్దరికీ సరిపోతుందని ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసున్న బ్రెడ్ ప్యాకెట్ తెచ్చేస్తుంటారు చాలామంది. కానీ గ్లూటెన్ లేకపోవడం వేరు, కార్బోహైడ్రేట్ తక్కువ ఉండటం వేరు.

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీన్. పిండి సాగేది, బ్రెడ్ పొంగి నిలబడేది దీనివల్లే. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు ఇది కొంచెం తిన్నా చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. అందుకే జీవితాంతం మానేయాలి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ముఖ్యంగా చూసుకోవాల్సింది కార్బోహైడ్రేట్. గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్‌ను ఎక్కువగా బియ్యప్పిండి, మొక్కజొన్న, కర్రపెండలం పిండితో చేస్తారు. జొన్నలోనూ గ్లూటెన్ ఉండదు, కానీ 100 గ్రాముల జొన్నపిండిలో దాదాపు 70 గ్రాములు కార్బోహైడ్రేటే.

రెండూ కుదరాలంటే బాదం పిండి, గుడ్లు, ఇసబ్గోల్ కలిపి చేసుకోవచ్చు. ఇసబ్గోల్ నీళ్లు పీల్చుకుని జిగురుగా మారి, గ్లూటెన్ లేని లోటు తీరుస్తుంది.

కావలసినవి

బాదం పిండి 200 గ్రాములు, ఇసబ్గోల్ పొట్టు 20 గ్రాములు, గుడ్లు 4, పెరుగు 100 గ్రాములు, నూనె 2 టేబుల్ స్పూన్లు, బేకింగ్ పౌడర్ 2 టీ స్పూన్లు, ఉప్పు ముప్పావు టీ స్పూను, వేడినీళ్లు 60 మిల్లీలీటర్లు.

బాదం ఇంట్లోనే పట్టుకుంటే మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది.

చేసే పద్ధతి

1. ఓవెన్‌ను 170 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసుకోవాలి. ఇసబ్గోల్‌ను మెత్తగా పొడి చేయాలి.
2. పొడులన్నీ ఒక గిన్నెలో కలపాలి. ఇంకో గిన్నెలో గుడ్లు, పెరుగు, నూనె బాగా గిలకొట్టాలి.
3. రెండూ కలిపి, వేడినీళ్లు పోసి తిప్పి 5 నిమిషాలు ఉంచితే చిక్కబడుతుంది.
4. నూనె రాసిన చిన్న బ్రెడ్ టిన్నులో సర్ది 50 నిమిషాల దాకా కాల్చాలి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు.
5. పూర్తిగా చల్లారాకే కోయాలి. వేడి మీద కోస్తే లోపల బంక బంకగా ఉంటుంది.

ఓవెన్ లేకపోతే మందపాటి డేక్సాలో ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతతో 10 నిమిషాలు వేడి చేసి టిన్ను లోపల ఉంచాలి. సన్న మంట మీద గంట వరకు పట్టొచ్చు. పైభాగం అంత ఎర్రగా రాదు.

12 ముక్కలు చేస్తే, పీచు తీసేసి ఒక్కో ముక్కలో కార్బోహైడ్రేట్ సుమారు 2-3 గ్రాములే. మామూలు బ్రెడ్ ముక్కలో 12-15 గ్రాములు ఉంటుంది. అయితే బాదంలో కొవ్వు ఎక్కువ కాబట్టి కేలరీలు మామూలు ముక్కకు దాదాపు రెట్టింపు. అందుకే ఒకటి రెండు ముక్కలు చాలు. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటుంది.

ఇవి మర్చిపోవద్దు

సీలియాక్ ఉన్నవాళ్లకైతే గోధుమ ఆడిన గిర్నీలో పట్టించిన పిండి పనికిరాదు. గోధుమపిండి అంటిన గిన్నెలు, జల్లెడ కూడా వాడొద్దు. హలీంలో గోధుమలు ఉంటాయి, షీర్ ఖుర్మాలో వేసే సేమియా గోధుమతో చేసిందే. బజారు ఇంగువలోనూ చాలాసార్లు గోధుమపిండి కలుపుతారు. మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని ముద్రించాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు.

సీలియాక్ అనుమానం ఉంటే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. అంతవరకు గోధుమ మానొద్దు, ముందే మానేస్తే రిపోర్టులో జబ్బు బయటపడకపోవచ్చు. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు ఒక్కసారిగా కార్బోహైడ్రేట్ తగ్గిస్తే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. డోసు గురించి డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు బాదం తినొచ్చో లేదో అడగాలి. బాదం అలర్జీ ఉన్నవాళ్లకు ఈ బ్రెడ్ అసలే వద్దు.