777 కొట్టేముందు: ఆ మూడు అంకెల కథ

లినక్స్ నేర్చుకునే మనవాళ్లని మొదటి వారంలోనే ఆపేసే మాట ఒకటుంది: "పర్మిషన్ డినైడ్". పక్కనున్నవాళ్లు "సీహెచ్‌మోడ్ 777 కొట్టెయ్" అంటారు. కొడతాం, పని అయిపోతుంది. ఆ అంకెలు ఎందుకు పుట్టాయో తెలిస్తే మాత్రం మళ్లీ అలా కొట్టబుద్ధి కాదు.

1960లలో కంప్యూటరంటే గదంత యంత్రం. ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునేలా అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను తయారుచేసింది. పంచుకోవడం మొదలైతే పేచీలూ మొదలవుతాయి కదా. ఒకరోజు మధ్యాహ్నం లాగిన్ అయిన ప్రతివాళ్లకీ, రోజూ వచ్చే సందేశం బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా వచ్చింది! ఒకే డైరెక్టరీలో ఇద్దరు ఒకేసారి పనిచేస్తుంటే, ఎడిటర్ ఇద్దరి తాత్కాలిక ఫైలుకీ ఒకే పేరు పెట్టింది. దాంతో ఫైళ్లు తారుమారయ్యాయి.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. 1971 నవంబరు నాటి మొదటి మాన్యువల్‌లోనే సీహెచ్‌మోడ్ ఉంది. అప్పట్లో వర్గాలు రెండే: ఫైలు ఓనరు, మిగతావాళ్లు. గ్రూపు తర్వాత చేరింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కూడా ఈ దారిలోనే నడిచింది.

రూముల్లో కలిసి ఉండేవాళ్లకి ఈ లెక్క కొత్తేం కాదు. మన పెట్టె మనది, వంట సామాను మన మెస్‌వాళ్లది, వరండా అందరిదీ. మూడు అంకెలు వరుసగా ఓనరు, గ్రూపు, ఇతరులు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. అంటే 640లో ఓనరు చదివి రాస్తాడు, గ్రూపు చదువుతుంది, ఇతరులకి ఏమీ లేదు. 777 అంటే పెట్టె తాళం తీసి వరండాలో పెట్టినట్టే.

మరి చిక్కు వచ్చినప్పుడు ఏం చేయాలి? ముందు "ఎల్ఎస్ మైనస్ ఎల్"తో ఫైలు ఎవరిదో చూడండి. "ఐడీ" కొట్టి మీరెవరో, ఏ గ్రూపుల్లో ఉన్నారో చూడండి. సుడోతో తయారుచేసిన ఫైలు రూట్ పేరు మీద ఉండిపోవడం మామూలే. అది మీకు రావాల్సిన ఫైలే అయితే సీహెచ్‌ఓన్‌తో ఓనరును మారిస్తే చాలు.

ఫైలు సరిగ్గానే ఉన్నా తెరుచుకోకపోతే, దారిలో ఉన్న ఫోల్డర్లు చూడండి. ఫోల్డరుకి ఆ 1 అంటే లోపలికి వెళ్లే హక్కు. ఒక్క ఫోల్డరు దగ్గర అది లేకపోయినా అక్కడే ఆగిపోతాం. ఇంకో సంగతి: ఫైలును తొలగించడానికి చూసేది ఫైలు అనుమతి కాదు, అది ఉన్న ఫోల్డరులో రాసే అనుమతి.

అందుకే తలుపులన్నీ తెరిచేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరిది, ఎవరికి అవసరం? జవాబు దొరికితే 777తో పనుండదు.