ఖాళీ కుర్చీకి ఓటు

ఠాణే నుంచి బాల్కుమ్ దాటి ఖాడీ మీది వంతెన ఎక్కితే దిగేది కాశేలిలోనే. అక్కడి నుంచి కాల్హేర్, అంజూర్ ఫాటా మీదుగా భివండీ దాకా గోదాములు, వాటి సందుల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు. తెలంగాణ నుంచి వలస పోయిన నేత కుటుంబాలకు ఇదంతా భివండీయే. సర్కారు లెక్కలో మాత్రం కాదు. తెలుగువాళ్ల పద్మనగర్ నగరపాలికలో ఉంది, కాశేలిది గ్రామపంచాయతీ. ఆ తేడా వల్ల కాశేలిలో ఓటున్న మన మనిషికి ఒక హక్కు దక్కింది. సిరిసిల్ల పక్క పల్లెలో ఉన్న అతని తమ్ముడికి అది లేదు.

జనం గెలిపించిన సర్పంచిని గడువు తీరకముందే దింపాలా వద్దా అన్నప్పుడు చివరి మాట చెప్పే హక్కు అది.

మహారాష్ట్రలో 2017 దాకా సర్పంచిని పంచాయతీ సభ్యులే ఎన్నుకునేవారు, వాళ్లే అవిశ్వాసం పెట్టి దింపేవారు. ఆ ఏడు ఫడ్నవీస్ ప్రభుత్వం ఎన్నికను నేరుగా జనం చేతికిచ్చింది. మరి ఊరంతా కలిసి ఎన్నుకున్న మనిషిని కొద్దిమంది సభ్యులు ఎట్లా దింపుతారు? నాలుగింట మూడొంతుల సభ్యులు తీర్మానం నెగ్గించాలి, ఆపైన గ్రామసభ రహస్య ఓటుతో దాన్ని ఒప్పుకోవాలి అని చట్టం రాశారు. గ్రామసభ కాదంటే సర్పంచి కుర్చీ పదిలం. 2020లో మహా వికాస్ ఆఘాడీ ప్రభుత్వం ఈ నేరుగా ఎన్నుకునే పద్ధతిని తీసేసింది. 2022లో శిందే ప్రభుత్వం మళ్లీ తెచ్చింది.

మన రెండు రాష్ట్రాల్లో సర్పంచిని జనమే ఎన్నుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. అవిశ్వాసం మాత్రం ఉపసర్పంచి దగ్గరే ఆగిపోతుంది. సర్పంచి మీద ఫిర్యాదుంటే కలెక్టరు దాకా పోవాలి, విచారణ జరగాలి, తీసేస్తే అధికారులే తీసేయాలి. ఓటేసిన ఊరు అర్జీ పట్టుకుని నిలబడాల్సిందే.

పట్టణాల సంగతి మరీ దూరం. విశాఖపట్నం మేయర్ గొలగాని హరి వెంకట కుమారి 2025 ఏప్రిల్ 19న అవిశ్వాసంలో 74 ఓట్లతో పదవి కోల్పోయారు. గెలిపించిందీ దింపిందీ కౌన్సిలే. భివండీలో 2017 ఎన్నికల్లో 90 స్థానాలకు 47 కాంగ్రెస్‌కు వచ్చాయి. 2019 డిసెంబరులో మేయర్ ఎన్నికకు వచ్చేసరికి ఆ పార్టీ కార్పొరేటర్లు 18 మంది అవతలి వైపు ఓటేశారు. కోణార్క్ వికాస్ ఆఘాడీకి చెందిన ప్రతిభా పాటిల్ 49-41తో గెలిచారు. ఆ 47 మందిని పంపిన ఓటరును మళ్లీ అడిగినవాళ్లు లేరు.

అడగాలన్న ఆలోచన మాత్రం పాతది. 1925 జనవరిలో హిందుస్థాన్ రిపబ్లికన్ అసోసియేషన్ ఉత్తర భారతమంతా రహస్యంగా పంచిన ప్రణాళికలోనే, ప్రతినిధిని వెనక్కి పిలిచే హక్కు ఓటరుకు ఉండాలని ఉంది. రాసింది శచీంద్రనాథ్ సన్యాల్. స్వరాజ్యం ఇంకా కనుచూపు మేరలో లేదు, అయినా ఆ యువకులు రేపటి ఎమ్మెల్యేను దింపడం ఎట్లాగని ఆలోచించారు! అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1974లో బీహార్ ఉద్యమంలో జయప్రకాశ్ నారాయణ్ మళ్లీ అదే మాట ఎత్తుకున్నారు. అదే ఏడు సి.కె. చంద్రప్పన్ లోక్‌సభలో బిల్లు పెట్టారు. నెగ్గలేదు.

చివరికి అది కింది నుంచి మొదలైంది. మధ్యప్రదేశ్ తన పురపాలక చట్టంలో ఈ ఏర్పాటు చేసింది. 2001లో, అప్పటికింకా శహడోల్ జిల్లాలో ఉన్న అనూప్‌పూర్‌లో అధ్యక్షురాలు పల్లవికా పటేల్‌ను ఓటర్లు పెట్టెలో ఓటేసి దింపారు. దేశంలో అలా పదవి పోవడం అదే మొదలు.

ఆ ఓటు కాగితం గురించి చెప్పాలి. దాని మీద పార్టీ గుర్తు ఉండదు, పోటీదారు ఉండడు. రెండే బొమ్మలు. ఒకటి మనిషి కూర్చున్న కుర్చీ, భరీ కుర్సీ. రెండోది ఖాళీ కుర్సీ. ఉండాలనుకుంటే మొదటిదాని మీద, పోవాలనుకుంటే రెండోదాని మీద ముద్ర. 2003లో కాలిఫోర్నియా జనం గవర్నర్ గ్రే డేవిస్‌ను దింపినప్పుడు అదే కాగితం మీద తర్వాత ఎవరు అన్న ప్రశ్న కూడా ఉంది, దానికి 135 మంది అభ్యర్థులు. దించే పనీ ఎక్కించే పనీ కలగలిసిపోయాయి. మన ఖాళీ కుర్సీ అంతకంటే నిజాయితీగా అడుగుతుంది. చదువురాని మనిషికీ అర్థమవుతుంది. మహారాష్ట్ర ఆడవాళ్లకు ఇట్లాంటి ఓటు కొత్త కాదు. ఊళ్లో సారా దుకాణం మూయించాలంటే నిలబడ్డ సీసా, పడుకోబెట్టిన సీసా బొమ్మల మధ్య ఓటేస్తారు. పడుకోబెట్టిన సీసా, ‘ఆడ్వీ బాటలీ’ గెలిస్తే దుకాణానికి తాళమే.

2008 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో గుండర్‌దేహి, నవాగఢ్, రాజ్‌పూర్ అధ్యక్షులు ఒకేసారి ఇట్లా దిగిపోయారు. కుర్చీ ప్రతిసారీ ఖాళీ కాలేదు. 2012లో రాజస్థాన్‌లోని మాంగరోల్‌లో అధ్యక్షుణ్ని దింపబోతే జనం ఉండమన్నారు. ఆ ఫలితం నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. కౌన్సిలర్ల కోపం వేరు, ఊరి కోపం వేరు అని అది బయటపెట్టింది.

నా అభ్యంతరం మొదటి మెట్టు మీదే. ఈ పట్టణాల్లో నాలుగింట మూడొంతుల కౌన్సిలర్లు ఒప్పుకుంటే గానీ విషయం జనం దాకా రాలేదు. కాశేలికి వర్తించే చట్టమూ అంతే. సభ్యులంతా సర్పంచితో కలిసి పంచుకు తింటుంటే ఊరు నోరెత్తే దారే లేదు. మధ్యప్రదేశ్ పల్లెల్లో మాత్రం గ్రామసభలో మూడో వంతు మంది సంతకం చేస్తే సర్పంచి మీద ఓటింగు పెట్టాలి. మొదలుపెట్టేది ఊరే. మన చట్టాల్లోకి రావలసింది అది.

కాశేలిలో ఒక కార్ఖానా బయట చాయ్ తాగుతూ ఇదంతా ఒక సాంచాల కార్మికుడికి చెప్పాను. లోపలి మోత బయటికీ వస్తోంది, చెవి దగ్గర అరిస్తే గానీ మాట వినపడదు. చొక్కా నిండా దూది నూగు. రాత్రి పాళీ దిగి వచ్చాడు, పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి. ఊళ్లో ఎలక్షన్లొస్తే నిలబడ్డోళ్లు ఇక్కడి దాకా బస్సులు పంపిస్తారని చెప్పి, “ఈడ ఓటున్నోళ్లను గూడ అప్పుడే అడుగుతరు సారూ. తర్వాత ఎవ్వలడుగుతరు?” అన్నాడు.

గ్రామసభ అడుగుతుందన్నాను. సభ పెట్టే రోజులు జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2. ఓటర్లలో 15 శాతమో, 100 మందో, ఏది తక్కువైతే అంతమంది వస్తే సభ నడుస్తుంది.

“వంద మందేనా? మా లైన్లనే అంతకంటె ఎక్కువుంటరు గద” అని కాసేపు ఆలోచించాడు. మళ్లీ తనే, “నోటీసు మరాఠీల ఉంటది. మా బిడ్డ మరాఠీ బడిల చదువుతది. ఫొటో తీస్కపోయి సూపెడత” అని ఫోను బయటికి తీశాడు. పంచాయతీ ఆఫీసు ఎటువైపో చాయ్ కొట్టు అతణ్ని అడిగి, అటు నడిచాడు.