బిడ్డ దోషమా, తల్లి దోషమా?

“ఆవు చేలో మేయుచుండగా దూడ గట్టున మేయునా?” యను సామెతను వినని తెలుగువారుండరు. బడి యెగగొట్టు బాలునిగాని, కారణము తెలియక రోదించుచు గోడకు తల కొట్టుకొను పసివానిగాని చూచినపుడు ఇరుగుపొరుగువారు మొదట ఆ బిడ్డను నిందింతురు; పిదప తల్లిని నిందింతురు; ఈ రెండును చాలనిచో పూర్వజన్మ కర్మమును నిందింతురు. నింద ఇట్లు చేతులు మారుచుండునే గాని, దానివలన బిడ్డకు కలుగు మేలు లేదు. ఈ దురాచారము మన దేశమునకే చెల్లినదని తలంపరాదు. పిల్లల మనోవ్యాధులకు శాస్త్రీయమైన చికిత్సను వెదకిన దేశములందును, విద్యావంతులైన వైద్యుల నోటనే, ఈ నింద శాస్త్రవేషము ధరించి చిరకాలము సంచరించినది. ఆ చరిత్రము నిచ్చట సంగ్రహముగా చెప్పదలచితిమి. ఇతరులు చాలకాలము త్రోవతప్పి తెలిసికొనిన దానిని మనము మరల త్రోవతప్పి తెలిసికొన నక్కఱలేదు గదా!

1800వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమునందలి అవేరాన్ ప్రాంతమున దొరకిన అడవిబాలుని నొకనిని పారిసు నగరమునకు గొనివచ్చిరి. వానికి మాటలు రావు. మనుష్యుల యాచారము లేవియు తెలియవు. ఆ కాలమున మానసిక వైద్యమున సుప్రసిద్ధుడైన పినెల్ పండితుడు వానిని పరీక్షించి, వీడు బుద్ధిహీనుడు, వీనికి చికిత్స లేదని తీర్పు చెప్పెను. ఇటార్డ్ అను యువవైద్యుడు ఆ తీర్పునకు లోబడక, బాలునికి విక్టరని పేరిడి, సంవత్సరములకొలది శిక్షణ మొసగి, తన ప్రయత్నములను 1801లోను 1806లోను నివేదికలుగా వ్రాసెను. విక్టరునకు మాటలు రాలేదు. కాని కొన్ని పదములను చదువుటయు, ఇంటిపనులలో తోడ్పడుటయు, తన్ను పెంచినవారియెడ మమత చూపుటయు అతడు నేర్చెను. ఆ పెంచినది గెరాన్ అను నింటిపనుల స్త్రీ. ఆమె భర్త మరణించిన దినమున విక్టరు యథాప్రకారము భోజనపు బల్లపై ఆయన పళ్లెమును గూడ పెట్టెననియు, ఆమె కంటతడి చూచి దానిని తీసివేసెననియు, మరెన్నడును పెట్టలేదనియు ఇటార్డే వ్రాసియున్నాడు. శిక్షణ మాగిపోయిన పిదపను ఆమెయే విక్టరును 1828లో అతడు మరణించువఱకు తనయొద్ద నుంచుకొనెను. చరిత్రలో కీర్తి వైద్యునకు దక్కినది; దినదినమును బిడ్డను సాకినది మాత్రము ఆమె.

ఇటార్డ్ శిష్యుడగు సెగాన్, ఆ యిరువురి గ్రంథములను చదివి రోమునగరమున మందబుద్ధులగు పిల్లలకు విద్య గరపిన మాంటిస్సోరీ, ఈ మార్గమును ముందునకు గొనిపోయిరి. ఆ మాంటిస్సోరీయే 1939లో మదరాసునందలి అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు మన దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. నేడు మన పట్టణములలో ధనికుల పిల్లల బడులకు అలంకారమైన యామె పేరు, మొదట ఎవరికిని అక్కఱలేని పిల్లల సేవయందు పుట్టినదని మనము మరువరాదు.

ఇక అమెరికాకు పోవుదము. 1899వఱకు షికాగో నగరమున దొంగతనము చేసిన పదేండ్ల బాలుని గూడ పెద్దవారితో సమానముగా న్యాయస్థానమున నిలువబెట్టి, పెద్దవారి చెరసాలలలో నుంచుచుండిరి. హల్ హౌస్ అను సేవాశ్రమమునకు చెందిన జేన్ ఆడమ్స్, జూలియా లాత్రాప్ మున్నగు స్త్రీలు పట్టుదలతో పనిచేయగా, ఆ యేట పిల్లలకు ప్రత్యేక న్యాయస్థాన మేర్పడినది. అయితే విడిచిపెట్టిన బాలుడే మరల మరల వచ్చుచుండెను. ఏల? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై 1909లో ఈథెల్ డమ్మర్ అను నామె ధనసహాయముచేత ఒక సంస్థను స్థాపించి, విలియం హీలీ అను వైద్యుని దాని కధిపతిని జేసిరి.

హీలీ అవలంబించిన పద్ధతి చూచుటకు సామాన్యమే. బాలుని శరీరమును పరీక్షింపవలెను; బుద్ధిని కొలువవలెను; ఇంటికి పోయి స్థితిగతులు విచారింపవలెను; అన్నిటికంటె ముఖ్యముగా, బాలుడు తన కథను తన మాటలలో చెప్పుకొనగా వినవలెను. నేరగాండ్రు పుట్టుకతోనే నేరగాండ్రను సిద్ధాంతము ఆనాడు ప్రబలముగా నుండెను. హీలీ తాను చూచిన బాలబాలికల చరిత్రములను పరిశీలించి, ఏ యొక్క కారణముచేతను ఇది జరుగుటలేదనియు, ప్రతి బిడ్డ విషయమునను పెక్కు కారణములు పెనవేసికొని యుండుననియు 1915లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. 1917లో ఆయన బోస్టనునకు పోయి అగస్టా బ్రానర్ అను విదుషీమణితో గూడి ఈ కృషినే సాగించెను. 1922 మొదలు కామన్‌వెల్త్ ఫండ్ అను ధర్మనిధి సెయింట్ లూయీ, డాలస్, లాస్ ఏంజిలిస్ మున్నగు నగరములలో ఇట్టి చికిత్సాలయములను నెలకొల్పెను. మానసిక వైద్యుడు, మనస్తత్వశాస్త్రజ్ఞుడు, సంఘసేవకురాలు, ఈ మువ్వురును గూడి ఒక బిడ్డ విషయము నాలోచించుట వీని విశేషము. 1927లో లండనునందును, 1937లో మన బొంబాయిలో టాటావారి సంఘసేవా విద్యాలయమున కనుబంధముగాను ఇట్టివి వెలసినవి.

ఇంతవఱకు కథ సంతోషకరము. ఇచ్చటనే త్రోవ తప్పినది. బిడ్డ వైద్యునితో మాటాడుచుండగా, వేఱొక గదిలో తల్లి సంఘసేవకురాలితో మాటాడుట ఆచారమయ్యెను. తండ్రి పనిలో నుండును గనుక అతనిని పిలుచుట యరుదు. కష్టము చెప్పుకొన వచ్చిన తల్లి క్రమక్రమముగా ముద్దాయి యయ్యెను. 1943లో డేవిడ్ లెవీ మితిమీరిన మాతృసంరక్షణమువలని కీడునుగూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అదే యేట లియో కానర్ పదునొకండ్రు పిల్లల చరిత్రములను వర్ణించి, నేడు ఆటిజమని పిలువబడు స్థితిని లోకమునకు తెలిపెను. ఇది పుట్టుకతోనే వచ్చినదని ఆయన ఆ వ్యాసమున సూచించినను, ఆ తలిదండ్రులలో హృదయమార్దవము తక్కువయని గూడ వ్రాసెను. లోకము మొదటి మాటను విడిచి రెండవ మాటను పట్టుకొనెను. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ తన గ్రంథమున, తలిదండ్రుల అనాదరముచేతనే బిడ్డ తనలో తాను ముడుచుకొనునని వాదించి, అట్టి బిడ్డను ఇంటినుండి వేఱుచేసి పెంచుటయే మేలనెను. ప్రేమ యెక్కువయైన నేరము, తక్కువయైన నేరము! ఈ రెంటి నడుమ తల్లి యెచ్చట నిలువగలదు? రాత్రులు నిద్రలేక బిడ్డను కాచిన యెందఱో తల్లులు, ఆ బిడ్డ స్థితికి తామే కారణమను మాటను వైద్యుని నోట విని యిల్లు చేరిరి.

ఈ తీర్పును మొదట ధిక్కరించినవారిలో ఒకడు స్వయముగా అట్టి బిడ్డకు తండ్రి. బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు తన కుమారుని స్థితికి కారణమును వెదకుచు లభ్యమైన పరిశోధనముల నన్నిటిని చదివి, తల్లి దోషమను వాదమునకు ఆధారము లేదని 1964లో గ్రంథముఖమున చాటెను. మరుసటి యేట తలిదండ్రులు చేరి ఒక సంఘము నేర్పఱచుకొనిరి. 1969లో ఆ సంఘపు సభయందు వృద్ధుడైన కానరే నిలిచి, తలిదండ్రులను నిర్దోషులని ప్రకటించెను. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ అను వారు ఇంగ్లండునందు 21 జతల కవలలను పరీక్షించిరి. ఒకే పోలికగల 11 జతలలో నాల్గింట ఇరువురకును ఆటిజము కనబడెను. పోలిక వేఱైన 10 జతలలో ఒక్కదానియందైనను ఇరువురకును లేదు. వంశబీజమున నున్నదానికి తల్లి హృదయమును శిక్షించితిమని పండితులు గ్రహించిరి.

అయినచో ఇంటితో మనకు పని లేదా? కలదు. కారణ మనునది వేఱు, సాధన మనునది వేఱు. ఈ భేదమును చక్కగా తెలిపినవాడు ఆరిగాన్ రాష్ట్రమునందలి జెరాల్డ్ పాటర్సన్. ఆయన శిష్యులతో ఇండ్లకు పోయి, మొండిపిల్లలును తలిదండ్రులును వర్తించు విధమును కన్నులార చూచి వ్రాసికొనెను. అంగటిలో బిడ్డ మిఠాయి కడుగును, తల్లి కాదనును, బిడ్డ కేకలిడును, నలుగురు చూచుచున్నారను సిగ్గుచే తల్లి కొనియిచ్చును, కేకలు నిలుచును. కేకలిడిన మిఠాయి దొరకునని బిడ్డ నేర్చెను. ఇచ్చిన శాంతి దొరకునని తల్లి నేర్చెను. ఇందు దుర్మార్గు లెవరును లేరు. తెలియకయే ఒకరికొకరు గురువులైరి. కాబట్టి మంచి పనిని వెంటనే గుర్తించి మెచ్చుకొనుట, చెప్పిన మాటను శాంతముగా నిలుపుకొనుట, కొట్టుట మానుట యను చిన్న పాఠములను తలిదండ్రులకు నేర్పినచో బిడ్డ నడవడి మాఱునని ఈ మార్గమున పనిచేసినవారు పరీక్షలచే చూపిరి. తల్లిని ముద్దాయిగా పిలిచిన వైద్యము విఫలమయ్యెను. తోడుగా పిలిచిన వైద్యము ఫలించెను.

ఈ సత్యమును మన దేశము ఒక విధముగా స్వయముగానే కనుగొనెనని చెప్పుట అతిశయోక్తి కాదు. 1950వ దశకమున అమృతసరపు మానసిక వైద్యశాలాధికారియగు విద్యాసాగర్, రోగుల బంధువులను గేటునొద్దనే త్రిప్పిపంపక, ఆవరణమున డేరాలు వేయించి వారిని రోగులతోనే యుండనిచ్చెను. వ్యాధి యన నేమో, ఇంట నెట్లు చూచుకొనవలెనో కుటుంబమువారు కన్నులార నేర్చుకొనుటచే రోగులు త్వరగా ఇండ్లు చేరిరి. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలవారును ఈ మార్గమునే యనుసరించిరి. పేదదేశమునకు పనివారు చాలక పుట్టిన యుపాయమని కొందఱందురు. కానిండు, పేదఱికము నేర్పిన పాఠమైనను పాఠమే. 2017నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టమున, వైద్యశాలలో చేర్చబడిన మైనరును పెద్దవారినుండి వేఱుగా నుంచవలెననియు, చికిత్స సాగినంతకాలము వాని ప్రతినిధియో సహాయకుడో వెంట నుండవలెననియు విధింపబడినది. అమృతసరపు డేరాలు నేర్పిన పాఠము ఇట్లు చట్టమునను కానవచ్చుచున్నది.

చట్టము గలదు; 1984నుండి సికింద్రాబాదున బుద్ధిమాంద్యముగల వారికై జాతీయసంస్థ గలదు. అయినను 2015-16లో జరిగిన జాతీయ పరిశీలనమున 13మొదలు 17 ఏండ్లలోపు వారిలో నూటికి 7.3 మంది ఏదో యొక మనోవ్యాధితో బాధపడుచున్నట్లు తేలినది. వీరిలో ఎందఱిని తాయెత్తులకును భూతవైద్యులకును అప్పగించుచున్నామో, ఎందఱి తల్లులను అత్తవారిండ్ల మాటలతో పొడుచుచున్నామో, మన గ్రామములను మనము చూచుకొనిన చాలును. వ్యాధి బయటపడిన సంబంధములు చెడునను భయముచేత బిడ్డను గదిలో నుంచి తలుపు మూయు ఇండ్లును గలవు.

పాఠకులారా! పాశ్చాత్యులు పొరపాటుపడి, ఒప్పుకొని, దిద్దుకొనిరి. మన సామెతను మనమును దిద్దుకొనవలసియున్నది. పొరుగింట ఒక బిడ్డ తేడాగా పెరుగుచున్నపుడు “ఇది యెవరి పాపము?” అని యడుగుట మాని, “అమ్మా, నీ వొక పూట విశ్రమింపుము, బిడ్డను నేను చూతును, రేపు వైద్యునియొద్దకు కలిసి పోవుదము” అని యనగలిగినచో చాలును. రెండువందల యేండ్ల క్రిందట విద్యాగంధము లేని గెరాన్ చేసినది ఇదియే. పండితులు చుట్టు తిరిగి చేరినదియు ఆమె వాకిటికే.