కాంపైలోబ్యాక్టర్ ద్రవ వర్ధనం

సరిగా ఉడకని కోడిమాంసం, కాచని పాల ద్వారా విరేచనాలు కలిగించే కాంపైలోబ్యాక్టర్ జెజునైను ప్రయోగశాలలో ద్రవ యానకంలో పెంచే పద్ధతి. ఈ సూక్ష్మజీవికి ఆక్సిజన్ కావాలి, కానీ గాలిలో ఉన్న 21 శాతాన్ని తట్టుకోలేదు. సుమారు 5 శాతం ఆక్సిజన్, 10 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగిలింది నైట్రోజన్ ఉన్న వాయు మిశ్రమంలో బాగా పెరుగుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువలో పెరగదు. కోడి ఒంటి వేడికి దగ్గరైన 42 డిగ్రీలు దీనికి అనుకూలం.

అసలు చిక్కు యానకంలోనే ఉంది. వెలుతురు, గాలి తగిలితే ద్రవ యానకమైన బ్రాత్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి విషపదార్థాలు పుడతాయి. వాటిని హరించడానికే బోల్టన్ బ్రాత్‌లో సోడియం పైరువేట్, మెటాబైసల్ఫైట్, కణాలు చిట్లించిన గుర్రపు రక్తం కలుపుతారు. మాంసం నమూనాను మొదట 37 డిగ్రీల వద్ద 4 నుంచి 6 గంటలు ఉంచి, తర్వాతే 41.5 డిగ్రీలకు మారుస్తారు. చలికి దెబ్బతిన్న కణాలు తేరుకోవడానికి ఈ వ్యవధి. తొందరపడితే ఉన్న సూక్ష్మజీవి కూడా లేనట్టే తేలుతుంది.

ఇతర బ్యాక్టీరియాను అణచడానికి యాంటీబయాటిక్‌లు వేస్తారు. అయితే మందులకు లొంగని ఇ. కొలై కోళ్లలో పెరగడంతో బోల్టన్ బ్రాత్ కొన్నిచోట్ల విఫలమవుతోంది. అలాంటి నమూనాలకు పాలీమిక్సిన్-బి ఉన్న ప్రెస్టన్ బ్రాత్ మేలు. పాతబడిన వర్ధనంలో మెలిక తిరిగిన కణాలు గుండ్రంగా మారతాయి, వాటిని తిరిగి పెంచడం కష్టం.

1977లో మార్టిన్ స్కిరో ప్రకటించిన ఘన యానకంతో ఈ సూక్ష్మజీవిని గుర్తించే పరీక్ష మామూలు ఆసుపత్రి ప్రయోగశాలలకూ అందింది.